ఎర్ర నీళ్లు, తెల్ల నీళ్లు

పోయిన నెల మా కాలేజీలో ఎమ్మెస్సీ చదివే కుర్రాడొకడు ప్రాజెక్టు కోసమని ఒక పరిశోధన వ్యాసం ప్రింటు తీసి పట్టుకొచ్చాడు. అలాంటివి వందల్లో వస్తుంటాయి, రసాయన శాస్త్రం చదివినవాళ్లకి కొత్త కాదు. కొబ్బరి చిప్పల బొగ్గులో ఇనుము పొదిగి నల్లటి పొడి చేస్తారు. మిథిలిన్ బ్లూ అనే నీలం రంగు కలిపిన నీళ్లలో ఆ పొడి వేసి, కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి కలియతిప్పితే అరగంటలో రంగు మొత్తం విరిగిపోతుంది. పక్కపక్కనే రెండు సీసాల ఫొటో ఉంటుంది. ఒకటి నీలం, ఒకటి తేట. "మేడం, మన బరంపురం రంగుల షెడ్లకి ఇది పెట్టేస్తే సరిపోద్ది కదా" అన్నాడు.

నా ఫోన్లోనూ అలాంటి ఫొటో ఒకటుంది. రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో మా మావయ్య షెడ్డులో పట్టిన ఎర్ర నీళ్లు, రెండోదాంట్లో అవే నీళ్లు రెండు గంటల తర్వాత. తీసిన రోజు బంధువులందరికీ పంపించాను. ఇప్పుడు ఎవరికీ చూపించను. ఎందుకో చెప్దామనే ఈ టపా.

మావయ్యది దేవాంగుల వీధి వెనకాల చిన్న షెడ్డు. రెండు స్టీలు తొట్లు, కట్టెల పొయ్యి, చిలపలు, అంటే పట్టు నూలు కట్టలు, ఆరేసే వెదురు గెడలు, ఏ ఏడాదివో తెలియని మరకలతో ఒక గోడ. ఫోడా కుంభ అంచు చీరలకీ, పెళ్లికొడుకులు కట్టే జోడుకీ కావలసిన పట్టు అక్కడే ఉడుకుతుంది, అక్కడే రంగెక్కుతుంది. మిగిలిన నీళ్లు వీధి కాలువలోకి పోతాయి. ఎరుపు వేసిన రోజు కాలువ ఎర్రగా, చిలకపచ్చ వేసిన రోజు పచ్చగా ఉండేది. చిన్నప్పుడు బడికెళ్తూ కాలువ చూసి, ఏ ఇంటి పెళ్లి చీర ఎక్కుతోందో పందేలు కట్టుకునేవాళ్లం.

నేను ఉండేది ఒడిశాలోని ఈ బరంపురంలోనే, పాఠాలు చెప్పేది ఇచ్ఛాపురం దాటాక, ఆంధ్రలో. రెండు రాష్ట్రాల మధ్య రోజూ తిరిగే దాన్నయినా ఈ కాలువ గురించి ఆలోచించడానికి నాకు ఇరవయ్యేళ్లు పట్టింది. ఆలోచించాక కూడా మొదట ఆలోచించింది తప్పు నీళ్ల గురించి.

నా వాదన ఇది. లోహాన్నీ బొగ్గునీ కలిపి చేసే ఈ పదార్థాలు బూటకం కావు, నిజంగానే పనిచేస్తాయి. కానీ అవి పనిచేశాయో లేదో తేల్చే పని మనం కంటికి అప్పగించాం. కన్ను రంగుల షెడ్డులో చీర అందం చెప్పగలదు. నీళ్ల సంగతి దానికి తెలియదు.

డ్రమ్ము కథ

ముందుగా మాటల గొడవ ఒకటి. "ఇందులో ఆర్గానిక్ కాలుష్యం ఉంది మావయ్యా" అని మొదలుపెట్టాను. ఆయన చిలప పిండుతూ ఆగాడు. "ఆర్గానికయితే మంచిదే కదేటి బుల్లీ? బజార్లో ఆర్గానిక్ బియ్యం రెండింతల రేటు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, తప్పు ఆయనది కాదు. కార్బన్ గొలుసుల మీద కట్టిన పదార్థమేదైనా మా లెక్కలో ఆర్గానిక్కే. రంగూ అంతే, సబ్బూ అంతే, పట్టుకి ఉండే జిగురూ అంతే. ఈ చివరి మాట నేనే ఆ రోజు గట్టిగా విని ఉంటే ఆరు నెలలు కలిసొచ్చేవి.

నేను ఖరీదైన పొడులేవీ తీసుకెళ్లలేదు. ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, లేత్ షాపులో నేల మీద రాలే ఇనుప చుట్టలు, కొబ్బరి చిప్పల బొగ్గు, చేపల తొట్టెకి పెట్టే చిన్న గాలి పంపు. చుట్టలకి నూనె ఉంటుంది కాబట్టి సోడా నీళ్లలో కడిగాం. బొగ్గుని రేగుపండంత ముక్కలుగా కొట్టాం. రెండూ సగం సగం కలిపి డ్రమ్ములో పోశాం.

జరిగేది చాలా సులువైన సంగతి. ఇనుమూ బొగ్గూ ఒకదాన్నొకటి తాకుతూ పుల్లటి నీళ్లలో కూర్చుంటే, అలా తాకిన ప్రతి చోటా ఒక చిన్న బ్యాటరీ. ఇనుము కరుగుతూ ఎలక్ట్రాన్లు వదులుతుంది, బొగ్గు వాటిని అందుకుని నీళ్లలోకి పంపుతుంది. మన రంగుల్లో చాలా వాటికి నడుమ నైట్రోజన్ జంట ఒకటి వంతెనలా ఉంటుంది. అజో రంగులంటే అవే. ఎలక్ట్రాన్లు తగిలితే ఆ వంతెన తెగుతుంది. వంతెన తెగితే రంగు ఉండదు. ఇనుము ఒక్కటే ఉన్నా జరుగుతుంది గానీ, బొగ్గు తోడుంటే వేగం వేరు. పైగా పట్టుకి ఆసిడ్ రంగులు వేసేటప్పుడు తొట్టిలో ఎసిటిక్ ఆసిడ్ కలుపుతారు కాబట్టి నీళ్లు ముందే పుల్లగా ఉంటాయి. ఈ పద్ధతికి కావలసిందీ పులుపే. పుస్తకంలో అయితే ఆసిడ్ కొని పోయమంటారు. మావయ్య షెడ్డులో అది ఉచితం.

రెండు గంటల్లో కుంకుమ నీళ్లలాంటివి నిమ్మరసంలా అయిపోయాయి. మావయ్య గ్లాసు ఎత్తి వెలుతురుకేసి చూసి "ఓలమ్మో" అన్నాడు. ఫొటో అప్పుడే తీశాను.

తర్వాత ఆయన చేసిన పని ఏ వ్యాసంలోనూ చదవలేదు. తెల్లటి పట్టు చిలప ఒకటి తీసుకుని ఆ తేట నీళ్లలో ముంచి పొయ్యి మీద పెట్టాడు. "రంగుంటే పట్టు లాగీసుకుంటాది, మన కంటికి ఆనకపోయినా దానికి ఆనుద్ది" అన్నాడు. అరగంటయ్యాక తీస్తే చిలప ఎర్రగా లేదు, నిజమే. కానీ తెల్లగానూ లేదు. పాత కాగితంలా మట్టిరంగు. ఇనుము. డ్రమ్ములో కరిగిన ఇనుము నీళ్లలో కనబడకుండా ఉండి పట్టుని పట్టుకుంది. తెల్లారేసరికి గ్లాసులో నీళ్లు కూడా తుప్పురంగుకి తిరిగాయి, అడుగున గోధుమరంగు మడ్డి. నా ఫొటో ఆయుష్షు ఒక్క రాత్రి.

ఆ నీళ్లే కాలేజీకి తీసుకెళ్లి సీఓడీ చూశాను. డైక్రోమేట్ వేసి 150 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాగబెట్టే పరీక్ష, నీళ్లలో కార్బన్ సరుకు మొత్తం కాలడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్తుంది. రంగు పోయింది గదా అని ఆశగా చూస్తే, డ్రమ్ములోకి పోసినప్పుడు ఉన్నదాంట్లో ముప్పాతిక వంతు అలాగే ఉంది. ఆలోచిస్తే ఉండదూ మరి? వంతెన తెగిందే గానీ అటు ఒడ్డూ ఇటు ఒడ్డూ ఎక్కడికీ పోలేదు. పైగా ఆ సీఓడీలో పెద్ద వాటా రంగుది కాదు, మనం పోసిన ఎసిటిక్ ఆసిడ్‌ది. ఇనుము దాన్ని ముట్టుకోదు.

తెగిన ముక్కల సంగతి ఇంకా ఇబ్బంది. అజో వంతెన తెగితే వచ్చేవి ఆరోమాటిక్ అమీన్లు. వాటికి రంగుండదు. వాటిలో కొన్ని క్యాన్సర్ తెచ్చేవని తేలాకే 1990లలో జర్మనీ ఆ రకం రంగులేసిన బట్టల్ని ఆపింది. మన ప్రభుత్వమూ 112 రంగుల్ని నిషేధించింది. ఇప్పుడు బజార్లో దొరికే రంగులన్నీ అలాంటివని అనను. కానీ ఎరుపు కనిపిస్తున్నంతసేపూ అందులో ఏదో ఉందని తెలుస్తుంది కదా. మాయమయ్యాక అడిగేవాళ్లుండరు.

బీఎస్సీ పిల్లలకి ఏటా ఒక సరదా ప్రయోగం చేసి చూపిస్తాను. ఫ్లాస్కులో గ్లూకోజూ, కాస్టిక్ సోడా, రెండు చుక్కల మిథిలిన్ బ్లూ. నీలంగా ఉంటుంది. కదపకుండా పెడితే కాసేపటికి నీళ్లలా తేటపడుతుంది. అందరూ చూస్తుండగా మూత బిగించి ఊపితే మళ్లీ నీలం. రంగు ఎక్కడికీ పోలేదు, గ్లూకోజు దానికి ఎలక్ట్రాన్లు అందిస్తే కనబడకుండా కూర్చుంది, ఊపితే గాలి తగిలి లేచింది. పదిహేనేళ్లుగా ఇదే చూపిస్తూ, అదే మిథిలిన్ బ్లూ తేటపడ్డ ఫొటోలున్న ప్రాజెక్టులకి నేనే మార్కులు వేశాను. ఇంకో చిక్కు కూడా ఉంది. మిథిలిన్ బ్లూది ధనావేశం. మామూలు నీళ్లలో బొగ్గు పైభాగానికి చాలాసార్లు రుణావేశం ఉంటుంది కాబట్టి వద్దన్నా వచ్చి అతుక్కుంటుంది. పట్టుకి వేసే ఆసిడ్ రంగులు దీనికి సరిగ్గా ఎదురు. పరీక్షకి సులువైన ప్రశ్న మనమే ఎంచుకుని, ఫస్టు క్లాసు వచ్చిందని చెప్పుకోవడం లాంటిది ఇది.

నురగ

అయినా ఊరుకోలేదు. పట్టుని తెల్లబరచడానికి మావయ్య దగ్గర హైడ్రోజన్ పెరాక్సైడ్ క్యాన్లు ఎప్పుడూ ఉంటాయి. డ్రమ్ములోంచి వచ్చే నీళ్లలో కరిగిన ఇనుము ఉంది. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో 1894లోనే కేంబ్రిడ్జిలో హెన్రీ ఫెంటన్ రాసి పెట్టాడు. ఆయన తీసుకున్నది టార్టారిక్ ఆమ్లం, అంటే మన చింతపండు పులుపు. ఇనుప లవణం చిటికెడు, పెరాక్సైడ్ కొంచెం. ఆ ఇనుప లవణం పేరు మావయ్యకి నాకంటే బాగా తెలుసు. అన్నభేది. మా తాత కరక్కాయ కషాయంలో అన్నభేది వేసి నలుపు దింపేవాడట. రంగుని గుడ్డకి కరిపించిన ఇనుమే, పక్కన పెరాక్సైడ్ ఉంటే రంగుని నమిలేస్తుంది. అది పుట్టించే హైడ్రాక్సిల్ రాడికల్ ఎదురొచ్చిన కార్బన్ గొలుసునల్లా కొరుకుతుంది, ఒడ్డుల్ని కూడా.

ఎర్ర నీళ్ల మీద అది బాగానే పనిచేసింది. సీఓడీ కూడా ఈసారి దిగింది. దాంతో మావయ్యకి ధైర్యమొచ్చి, నేను లేని రోజు షెడ్డు నీళ్లన్నీ కలిపి డ్రమ్ములోకి వదిలాడు. ఎరుపు దింపిన నీళ్లూ, పట్టు ఉడికించిన నీళ్లూ. పైన పెరాక్సైడ్ పోశాడు.

సాయంత్రం నేను వెళ్లేసరికి షెడ్డు గుమ్మంలోంచి నురగ వీధిలోకి పాకుతోంది. మోకాలి లోతు. కింద ఎర్ర నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. పక్కింటి పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, వాళ్లమ్మ చీపురు తిరగేసి తిడుతోంది. మావయ్య బక్కెట్టుతో నురగ తోడుతూ "నీ సైన్సు తగలడ" అని మొదలుపెట్టి, నన్ను చూసి ఆపాడు.

అర్థం కానిదేమీ లేదు. పట్టు ఉడికించేది సబ్బూ సోడా కలిపిన నీళ్లలో. సోడా పులుపుని చంపేసింది. ఫెంటన్ పద్ధతికి పీహెచ్ 3 దగ్గరుండాలి, అంటే నీళ్లు బాగా పుల్లగా ఉండాలి, పులుపు తగ్గి పీహెచ్ పైకెక్కితే ఇనుము మడ్డిగా దిగిపోతుంది, పెరాక్సైడ్ రంగుని కొరకడం మాని ఊరికే ఆక్సిజన్ బుడగలుగా పోతుంది. బుడగలకి సబ్బు దొరికింది.

నురగ తోడుతూ ఉండగానే నాకు అసలు ప్రశ్న తట్టింది. ఈ ఉడికించిన నీళ్లలో ఇంకా ఏముంది?

తరుగు

పట్టు పని చేసే ఇంట్లో పుట్టినవాళ్లందరికీ తరుగు తెలుసు. కిలో పచ్చి పట్టు ఉడికిస్తే ముప్పావు కిలో చేతికొస్తుంది. ఆ పావు కిలో తరుగు కింద రేటులో కలిపేస్తారు. మావయ్య లెక్కల పుస్తకంలో ప్రతి పేజీలోనూ ఆ మాట ఉంటుంది. అది ఎక్కడికి పోతోందని ఇంటిల్లిపాదీ ఏనాడూ అడగలేదు, రసాయన శాస్త్రం చదివిన నాతో సహా. ఇంకెక్కడికి పోతుంది? కాలువలోకి.

ఆ తరుగు సెరిసిన్. పట్టుపురుగు రెండు పోగుల్ని కలిపి అతికించే జిగురు, ప్రోటీన్. పచ్చి పట్టు బరువులో 20 నుంచి 30 శాతం ఉంటుంది. ఇప్పుడు రంగుతో పోల్చండి. కిలో పట్టుకి రెండు శాతం ముదురు వేస్తే రంగుపొడి 20 గ్రాములు. ఆసిడ్ రంగుని పట్టు బాగా లాక్కుంటుంది, పదో వంతు మిగిలిందనుకున్నా కాలువకి పోయేది 2 గ్రాములు. తరుగు 250 గ్రాములు. మేం చిన్నప్పుడు పందేలు కట్టిన ఎరుపంతా ఆ 2 గ్రాములు చేసిన హడావుడి.

ఇంకో మెట్టు లెక్క వేద్దాం. గ్రాము ప్రోటీన్ నీళ్లలో పూర్తిగా కుళ్లి కాలడానికి సుమారు గ్రామున్నర ఆక్సిజన్ పడుతుంది. 250 గ్రాములకి 375 గ్రాములు. మన వేడికి లీటరు మంచి నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్ 8 మిల్లీగ్రాముల దగ్గర. అంటే ఒక్క కిలో పట్టు ఉడికించిన నీళ్లు దాదాపు 47,000 లీటర్ల నీళ్లలో ఉన్న ఊపిరి మొత్తం పీల్చేయగలవు. సబ్బు వాటా ఇందులో వేయలేదు. ఆ కిలోని 30 లీటర్లలో ఉడికించారనుకుంటే, జిగురు లెక్క ఒక్కటే లీటరుకి 12,500 మిల్లీగ్రాములు. నియమాల ప్రకారం బయటికి వదిలే నీళ్లలో సీఓడీ 250 దాటకూడదు.

ఆ నీళ్లు చూడడానికి ఎలా ఉంటాయంటారా? బియ్యం కడిగిన కుడితిలా, కొద్దిగా తెల్లగా, సబ్బు వాసనతో. పొద్దున్నే ఎవరి గుమ్మం ముందు పారినా ఎవరూ పట్టించుకోరు.

పంక్తిలో ముందు ఎవరు

ఇక్కడే లోహం–బొగ్గు పదార్థాల మీద నాకున్న అసలు ఫిర్యాదు. పదార్థాల మీద కాదులెండి, వాటిని వాడమనే తీరు మీద. హైడ్రాక్సిల్ రాడికల్‌కి ఎంపిక లేదు. పుట్టిన క్షణంలో పక్కనున్నదాన్ని కొరికి చచ్చిపోతుంది. పెళ్లి పంక్తిలో లడ్డు కోసం కూర్చున్న పిల్లాడికి ముందు అన్నం కుప్ప పోస్తే లడ్డు వచ్చేసరికి కడుపు నిండిపోయినట్టు, 250 గ్రాముల జిగురు మధ్యలో ఆ 2 గ్రాముల రంగు రాడికల్‌కి ఎక్కడ దొరుకుతుంది? పైగా సోడాలోని కార్బనేటు కూడా రాడికల్‌ని మింగేస్తుంది. ఖరీదైన కొరికే శక్తినంతా తీసుకెళ్లి, మామూలు సూక్ష్మజీవులు తక్కువ ఖర్చుతో తినే ప్రోటీన్ మీద తగలేయడం అవుతుంది. సెరిసిన్ సూక్ష్మజీవులకి విందు. ఎసిటిక్ ఆసిడ్ కూడా అంతే, రాడికల్ దాన్ని కొరకలేక కొరుకుతుంది, సూక్ష్మజీవులు ఇట్టే తాగేస్తాయి. సూక్ష్మజీవులకి చేదు అనిపించేది ఆ రెండు గ్రాముల రంగే. ఇనుమూ బొగ్గూ దేనికి పుట్టాయో దానికే, ఆ రెండు గ్రాములకే వాడాలి.

అందుకే మా విద్యార్థి తెచ్చిన వ్యాసం లాంటివి చదివితే నాకు రెండు రకాల బాధ. 2025 రసాయన శాస్త్ర నోబెల్ లోహ–సేంద్రియ చట్రాలకి వచ్చింది, కిటగావా, రాబ్సన్, యాగీలకి. లోపల గదులు గదులుగా ఉండే అపురూపమైన కట్టడాలవి. వాటిని గాలి తగలకుండా మాడ్చి లోహం పొదిగిన బొగ్గు చేసే పద్ధతి ఒకటి బాగా నడుస్తోంది. కోబాల్టు ఉన్న చట్రాన్ని మాడిస్తే వచ్చే బొగ్గు పెరాక్సీమోనోసల్ఫేటు అనే ఆక్సీకారిని చిటికెలో రెచ్చగొడుతుంది. చదవడానికి గొప్పగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ కోబాల్టు కొంచెం కొంచెం నీళ్లలోకి జారుతుంది. రంగు తీసి విషలోహం పెట్టినట్టు. ఇనుమయితే జారినా తుప్పే కదా అనుకోవచ్చు. పట్టుకి వాడే లోహ సంకీర్ణ రంగుల్లో కొన్నింటిలో క్రోమియం ఉంటుంది, వాటిని గట్టి ఆక్సీకారులతో విరగ్గొడితే ఆ క్రోమియం మరింత చెడ్డ రూపంలోకి మారే ప్రమాదమూ ఉంది. తేట సీసా ఫొటోలో ఇవేవీ పడవు.

మావయ్య అన్నదాంట్లో న్యాయం

ఇదంతా చెప్తే మావయ్య ఓపిగ్గా విని, "బుల్లీ, ఎర్ర నీళ్లొస్తే ఆఫీసు మనిషి వస్తాడు. తెల్ల నీళ్లకి ఎవుడొస్తాడు? మరి నన్ను దేన్ని బాగుచెయ్యమంటావు?" అన్నాడు.

దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఆయన చెప్పింది వ్యాపార నీతి మాత్రమే కాదు. రంగు కూడా కాలుష్యమే, బట్టల మిల్లుల నియమాల్లో దానికి వేరే హద్దు కూడా ఉంది. రంగు నీళ్లలో వెలుతురు దిగదు, నాచు పెరగదు, పొలంలోకి ఎర్ర నీళ్లొస్తే రైతు ఊరుకోడు. కంటికి కనిపించే తప్పు సరిదిద్దుకోమని లోకం అడుగుతున్నప్పుడు, కనిపించని తప్పు పెద్దదని వాదించడం కాస్త తప్పించుకోవడం లాగే ఉంటుంది. నేనే షెడ్డు యజమానినైతే ముందు ఎరుపే తీసేసేదాన్నేమో.

వంతెన తెంచినా ఒరిగేదేమీ లేదన్నట్టు మాట్లాడాను గానీ, అది కూడా సగమే నిజం. తెగిన ముక్కల్ని గాలి బాగా తగిలే సూక్ష్మజీవుల గోతిలోకి పంపితే వాటిలో చాలా వాటిని అవి తినగలవు. తెగని రంగుని ముట్టుకోనివి తెగిన ముక్కని తింటాయి. అంటే డ్రమ్ము చేసిన పని వ్యర్థం కాదు, మొదటి సగం. మనం మొదటి సగం దగ్గర ఫొటో తీసి ఇంటికెళ్లిపోతున్నాం, అంతే నా గొడవ.

మావయ్య ఇంకో మాట కూడా అన్నాడు, అది ఇంకా గుచ్చుకుంది. "మగ్గాలే ఆగిపోతన్నాయి, నీలేటి సేస్తాం." మా వీధిలో నా చిన్నప్పటి మగ్గాల చప్పుడు ఇప్పుడు మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రోజుల్లో కూడా వినబడదు. ఊరి మురుగంతా ఎటుపోతోందో చూస్తే మావయ్య రెండు తొట్ల నీళ్లెంత? ఈ ప్రశ్న నాకు రాత్రిళ్లు వస్తుంది. ఆ రెండు తొట్ల నీళ్లే నేను వేలు పెట్టి చూడగలిగినవి అని సర్దిచెప్పుకుంటాను. పెద్ద జవాబు కాదని తెలుసు.

మడ్డి సంగతీ చెప్పాలి. మూడో వారానికి డ్రమ్ములో ఇనుమూ బొగ్గూ తుప్పుతో కరుచుకుపోయి ఇటుకబట్టీ ముద్దలా గడ్డకట్టాయి. నీళ్లు పైనుంచి పోస్తే పక్కనుంచి కారిపోతున్నాయి, లోపలికి దిగడం లేదు. గునపంతో పొడిచి తీశాం. నాలుగు గంటలు పట్టింది, నా బొటనవేలి గోరు పోయింది. ఈ గడ్డకట్టడం ఈ పద్ధతికి పాత రోగం, తెలిసినవాళ్లందరికీ తెలుసు. తీసిన ముద్దనీ, అడుగున దిగిన తుప్పు బురదనీ రెండు గోనెసంచుల్లో కట్టాం. "ఇదెక్కడ పారెయ్యాలి?" అన్నాడు మావయ్య. నేను జవాబు చెప్పేలోపు ఆయన చూపు కాలువ వైపు పోయింది. సంచులు ఇప్పటికీ మా ఇంటి మేడమెట్ల కిందున్నాయి.

ఇనుము లవణంలో నానబెట్టిన కొబ్బరి చిప్పని గాలి తగలకుండా 600, 700 డిగ్రీల దగ్గర మాడిస్తే ఇనుము బొగ్గులోనే పొదుగుతుంది, ఇలా గడ్డకట్టదు, పని అయ్యాక అయస్కాంతంతో పైకి లాగొచ్చు. మా కుర్రాడు తెచ్చిన వ్యాసంలో నాకు నిజంగా నచ్చింది ఆ అయస్కాంతం మాటే. ప్రాజెక్టు చెయ్యమన్నాను. మూడు షరతులు పెట్టాను. మిథిలిన్ బ్లూ వద్దు, మావయ్య తొట్టిలో నీళ్లు తెచ్చుకోవాలి. రంగుతో పాటు సీఓడీ, నీళ్లలో మిగిలిన ఇనుము కూడా చూడాలి. అదే పొడి పదిసార్లు వాడాక పదకొండోసారి ఏమైందో రాయాలి. వాడి ముఖం వాడిపోయింది. "మేడం, అప్పుడు పర్సంటేజీ అంత రాదేమో" అన్నాడు. రాదు. రానిది రాయి అన్నాను.

షెడ్డులో చేసిందల్లా ఒక్క ఇటుక వరస. రంగు తొట్టి నీళ్లు ఒక పక్కకి, ఉడికించే తొట్టి నీళ్లు ఇంకో పక్కకి. ఎర్ర నీళ్లు డ్రమ్ము గుండా వెళ్తాయి, పదిహేను రోజులకోసారి గునపం పని ఉంటుంది. తెల్ల నీళ్లు పెరట్లో తవ్వించిన సిమెంటు గోతిలో పడతాయి. సోడా ఘాటు తగ్గడానికి డ్రమ్ములోంచి వచ్చిన పుల్ల నీళ్లు కూడా చివరికి అందులోకే. గోతిలో ఒక బ్లోయరు పెట్టించాను, సూక్ష్మజీవులకి గాలి కోసం. ఇటుకలకి మావయ్య ఏమీ అనలేదు. బ్లోయరు రేటు విని మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మొన్న ఆదివారం ఫోను చేశాడు. "బుల్లీ, గొయ్యి కంపు కొడతంది. వీధి వీధంతా నా మీదకొచ్చింది. ఎర్ర నీళ్లు పారినన్నాళ్లూ నోరెత్తనోళ్లంతా వచ్చారు."

"బ్లోయరు తిరుగుతోందా మావయ్యా?"

కాసేపు చప్పుడు లేదు.

"రాత్రిపూట ఆపేస్తన్నాను. కరెంటు బిల్లు సూసావా నువ్వు?"